సరస్సు ఒడ్డున మొదటి క్యాంపింగ్: పగటి కంటే ముందు రాత్రి సంగతి చూసుకోండి

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. మీరిద్దరూ, పదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, మొత్తం నలుగురు. సరస్సు ఒడ్డున ఉన్న పార్కులో రెండు రాత్రులు టెంటులో గడపాలని అనుకుంటున్నారు. మీలో ఎవరికీ ఇది అలవాటు లేదు. సాయంత్రం ఆరింటికి చేరుకోవడం, నీటికి వీలైనంత దగ్గరగా టెంటు వేయడం, మంట మీద వంట, మర్నాడు పొద్దున్నే గాలి నింపిన పడవలో పిల్లలతో షికారు, మధ్యాహ్నం ఈత, సాయంత్రం సరస్సు చుట్టూ నడక... ఇవన్నీ గంటల లెక్కన రాసుకున్నారు. చివర "ఇందులో ఏమైనా మర్చిపోయామా?" అని అడిగారు.

మర్చిపోయింది రాత్రిని. మీ కాగితంలో పగలు చేయాల్సిన పనులన్నీ ఉన్నాయి, రాత్రి గురించి ఒక్క ముక్క లేదు. ఇరవై ఏళ్లుగా నేను సరస్సుల పక్కన పడుకుంటున్నాను, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. పగలు బాగా గడవక మధ్యలో తిరిగి వచ్చేసినవాళ్లను నేను చూడలేదు. మొదటి రాత్రి చలికి, తడికి నిద్ర పట్టక, తెల్లవారగానే సామాను సర్దుకుని వెళ్లిపోయినవాళ్లను చాలామందినే చూశాను. పిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క రాత్రే తర్వాతి పదేళ్లనూ తేల్చేస్తుంది. అందుకే మీ ప్రణాళికను తిరగేసి, పొద్దు గుంకే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రాయండి.

అలా లెక్కపెడితే ముందు మారేది మీరు చేరుకునే సమయం. సాయంత్రం ఆరు ఆలస్యం. పొద్దు గుంకడానికి కనీసం మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. టెంటు వేయడం అలవాటైనవాళ్లకు ఇరవై నిమిషాల పని. మొదటిసారి, పక్కన ఇద్దరు పిల్లలతో, గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. చోటు చూసుకోవాలి, రాళ్లు ఏరాలి, పక్కలు పరచాలి, నీళ్లు తెచ్చుకోవాలి, మరుగుదొడ్డి ఎటుందో పిల్లలకు వెలుతురులోనే చూపించాలి. కొన్నిచోట్ల పొద్దు వాలాక అరగంటలోనే చిమ్మచీకటి అవుతుంది. ఎంత వెలుతురు మిగిలిందో తెలుసుకోవడానికి ఒక పాత కొలత ఉంది: చెయ్యి పూర్తిగా ముందుకు చాపి, వేళ్లను అడ్డంగా పెట్టి, సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. వేలికి సుమారు పావుగంట. నాలుగు వేళ్లే పడితే ఇక ఆటలు ఆపి పక్కలు పరచాలన్నమాట.

చేరగానే పిల్లలు నీళ్ల వైపు పరుగెత్తుతారు. అది సహజం. పెద్దవాళ్లలో ఒకరు వాళ్లతో పాటు ఒడ్డున నిలబడండి, ఇంకొకరు టెంటు పని మొదలుపెట్టండి. "ఒక్క పది నిమిషాలు మీరే ఆడుకోండి, ఇప్పుడే వస్తాం" అన్న మాట సరస్సు పక్కన ఎప్పుడూ అనకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇక చోటు. నీటికి వీలైనంత దగ్గరగా అన్నారు. ఫొటోలో అది చాలా అందంగా ఉంటుంది, నిజమే. నీరు పల్లమెరుగు అంటారు కదా, చల్లగాలి కూడా పల్లమెరుగు. రాత్రి నేల చల్లబడిన కొద్దీ దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి, వాలు వెంట జారి, అన్నిటికంటే లోతట్టు చోట చేరుతుంది. సరస్సు దగ్గర ఆ లోతట్టు చోటు గట్టే. దానికి తోడు నీటి పక్కన గాలిలో తేమ ఎక్కువ, అర్ధరాత్రి దాటాక అదంతా మంచుగా టెంటు మీద కూర్చుంటుంది. నా మొదటి ప్రయాణంలో నేనూ నీటికి పదడుగుల్లోనే టెంటు వేశాను. తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే లోపలి గుడ్డ మీద నుంచి చుక్కలు పడుతున్నాయి, పిల్లల దుప్పట్ల అంచులు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. వాన చుక్క కూడా పడలేదు. మర్నాడు అదే టెంటును గట్టు నుంచి వంద అడుగులు దూరంగా, కొంచెం మెరక మీద, చెట్ల వరుస వెనక్కి జరిపాం. అదే సామాను, అదే వాతావరణం. ఆ రాత్రి అందరం హాయిగా పడుకున్నాం.

పార్కు వాళ్లు నంబర్లు వేసి కేటాయించిన చోట్లు ఉంటే అందులోనే వేయాలి, ఆ విషయంలో మీకు స్వేచ్ఛ తక్కువ. అందుకే బుక్ చేసేటప్పుడే పటం తెరిచి చూడండి. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖలు ఉన్న పటమైతే ఏది మెరకో ఏది పల్లమో తెలుస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోనిచ్చే పార్కులో నీటికి 60 మీటర్ల దూరం పాటించడం మంచి పద్ధతి. పెద్దవాళ్ల అడుగులతో సుమారు 70 నుంచి 80 అడుగులు వేస్తే ఆ దూరం వస్తుంది. మీ నిద్ర కోసం మాత్రమే కాదు. రాత్రిపూట నీటికి వచ్చే జంతువుల దారి ఆ గట్టే, ఒడ్డున పెరిగే మొక్కలు తొక్కిడికి తట్టుకోలేవు. మీరు వెళ్లేది సహజమైన సరస్సా, ఆనకట్ట వెనక నిలిచిన జలాశయమా అన్నది కూడా తెలుసుకోండి. జలాశయమైతే ఎగువన వాన పడితే మీ దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నా నీటిమట్టం పెరగవచ్చు. ఒడ్డున ఎండిన చెత్త, పుల్లలు ఒక గీతలా పేరుకుని కనిపిస్తాయి. నీరు ఇటీవల అంతదాకా వచ్చిందని దాని అర్థం. ఆ గీతకు బాగా పైనే ఉండండి.

చోటు నచ్చాక తల పైకెత్తి చూడండి. ఎండిన కొమ్మ ఏదైనా పైన వేలాడుతుంటే, ఆ నీడ ఎంత చల్లగా ఉన్నా ఆ చెట్టు కింద వద్దు. గాలి లేని రాత్రి కూడా ఎండు కొమ్మలు విరిగిపడతాయి. తర్వాత నేల మీద టార్పాలిన్ పట్టా పరిచి, ముందుగా మీరే దాని మీద ఒకసారి పడుకోండి. కంటికి చదునుగా కనిపించిన నేల వాలు వీపుకు తెలుస్తుంది. వాలు తప్పకపోతే తల ఎత్తు వైపు ఉండేలా పక్కలు వేసుకోండి. ఆ పట్టా అంచులు టెంటు అడుగు దాటి బయటికి రాకూడదు. వస్తే వాన నీటిని పట్టి తిన్నగా మీ వీపు కిందికి చేరుస్తాయి.

గాలి సంగతి కూడా ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే టెంటు వాకిలి ఎటు పెట్టాలన్నదీ, మీ పడవ షికారు ఎప్పుడన్నదీ రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పగలు నేల నీటి కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది, దాని చోటులోకి సరస్సు మీది చల్లగాలి వస్తుంది. కాబట్టి మధ్యాహ్నం గాలి నీటి నుంచి ఒడ్డుకు. రాత్రి ఇది తిరగబడుతుంది: నేల త్వరగా చల్లారుతుంది, గాలి ఒడ్డు నుంచి నీటి మీదికి వీస్తుంది, పొద్దెక్కేదాకా అలాగే ఉండవచ్చు. పెద్ద సరస్సుల దగ్గర, వేరే బలమైన గాలులు లేని రోజుల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. మధ్యాహ్నం గాలి చూసి, ఇటే వీస్తుందని నమ్మి పొయ్యి, టెంటు అమర్చుకుంటే రాత్రి పొగంతా మీ వాకిట్లోకి వస్తుంది. రెండింటినీ గాలికి అడ్డంగా, పక్కపక్కన పెట్టుకుంటే ఏ గాలికీ ఇబ్బంది ఉండదు.

టెంటు తాళ్లు కట్టడం చాలామంది బద్ధకించి వదిలేస్తారు. సరస్సు పక్కన ఆ పని చేయకండి, నీటి మీద గాలికి అడ్డేమీ ఉండదు. ఇసుక నేలలో టెంటుతో వచ్చే సన్నటి గూటాలు నిలవవు. తాడు చివర ఒక కర్రకో, రాళ్లు నింపిన సంచికో కట్టి, మోచేతి లోతున పాతిపెట్టి ఇసుక తొక్కేయండి. ఆ పట్టు గూటానికి రాదు. ఇంకో మాట: "నలుగురికి" అని రాసి ఉన్న టెంటులో నలుగురు భుజాలు తాకుతూ పడుకోగలరు, అంతే, సంచులకు చోటుండదు. మీ నలుగురికీ ఆరుగురి టెంటు తీసుకోండి.

ఇప్పుడు పడక. నా లెక్కలో మీ మొత్తం సామానులో ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది దీని మీదే. చలి అనగానే అందరూ పైన కప్పుకునేదాని గురించి ఆలోచిస్తారు. పడుకున్న మనిషి వేడిని ఎక్కువగా లాగేది కింద ఉన్న నేల. స్లీపింగ్ బ్యాగులో దూది మీ బరువుకు అణిగిపోతుంది, అణిగిన దూదిలో గాలి ఉండదు, గాలి లేకపోతే అది చలి ఆపదు. కాబట్టి కింద వేసుకునే మ్యాటు అసలు దుప్పటి. మ్యాటు మీద ఆర్-విలువ అని ఒక సంఖ్య రాసి ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే నేల చలిని అంత బాగా ఆపుతుంది. వెచ్చని వేసవి రాత్రులకు 2 సరిపోతుంది, సున్నా డిగ్రీల దరిదాపులకు వెళ్తే 4 పైన కావాలి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే వాటి విలువలు కలుస్తాయి, కాబట్టి ఖరీదైనది కొనక్కర్లేదు. చవకైన ఫోమ్ మ్యాట్లు జత చేయండి. ఇంట్లో చుట్టాలు వస్తే వేసే లావుపాటి గాలి పరుపు మాత్రం వద్దు. మెత్తగా ఉంటుంది, అయితే దాని లోపలి గాలి అటూ ఇటూ కదులుతూ ఒంట్లోని వేడిని నేలకు చేరవేస్తూనే ఉంటుంది. తప్పదంటే దాని పైన మందపాటి ఉన్ని కంబళి పరవండి.

స్లీపింగ్ బ్యాగు కొంటున్నట్టయితే దాని మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన వాటిలో హాయిగా పడుకోగలిగేది ఒకటి, ముడుచుకుని ఓర్చుకోగలిగేది ఒకటి, ప్రాణం మాత్రం నిలిచేది ఇంకొకటి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు మొదటిది కాదు. మీరు చూడాల్సింది మొదటిదే. వాతావరణ సూచనలో కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి, మీ పార్కు ఆ సూచన ఇచ్చిన ఊరి కంటే ఎత్తులో ఉంటే ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గించి, సరస్సు పక్కన కాబట్టి ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గించి చూసుకోండి. పిల్లలకు పెద్దల బ్యాగు ఇస్తే కాళ్ల దగ్గర ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని వాళ్ల ఒళ్లే వేడి చేయాలి. మిగిలిన భాగాన్ని మడిచి కింద తోసేయండి, లేదా మర్నాటి బట్టలతో నింపండి. పొద్దున్న అవి వెచ్చగా దొరుకుతాయి.

పడుకునే ముందు ఒక పని తప్పకుండా చేయించండి: పగలంతా వేసుకున్న బట్టలు మేజోళ్లతో సహా విప్పించి, పడుకోవడానికి మాత్రమే దాచిన పొడి బట్టలు తొడగండి. తడిసినట్టు తెలియకపోయినా వాటిలో చెమట ఉంటుంది. ఈ పొడి జతలను విడిగా ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోండి, ఎంత బతిమాలినా పగలు బయటికి తీయకండి. చలిగా ఉందని టెంటు కిటికీలన్నీ మూయకండి. నలుగురి ఊపిరిలోని తేమ బయటికి పోవాలి, లేకపోతే తెల్లారేసరికి పైకప్పు నుంచి మీ మీదే పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి జానెడు తెరిచి ఉంచండి. కుంపటి, గ్యాస్ పొయ్యి, ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు టెంటులోకి ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు లేవరు.

రాత్రి గట్టెక్కింది కాబట్టి పగటికి వద్దాం. మీరు పడవ షికారు పొద్దున్నకు పెట్టుకున్నారు. నీరు అద్దంలా ఉంటుంది కాబట్టి అది మంచి వేళే అనిపిస్తుంది. కానీ పైన చెప్పిన గాలి గుర్తుంది కదా: ఆ వేళ గాలి ఇంకా ఒడ్డు నుంచి లోపలికి వీస్తుండవచ్చు. ఒడ్డున చెట్ల చాటున ఆ గాలి తెలియదు, కొంచెం లోపలికి వెళ్లాకే తెలుస్తుంది. గాలి నింపిన పడవకు బరువుండదు, నీటిలో పట్టు ఉండదు. అది తెరచాపలా కొట్టుకుపోతుంది. మా అన్నయ్య కొడుకు ఎనిమిదేళ్లప్పుడు నీటి మీద కదిలిపోతున్న బంతి కోసం అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్లాడు. బంతి ప్రతిసారీ చేతికి అందేంత దూరంలోనే ఉండేది. వాడి గడ్డం మునిగేదాకా మేమెవరం గమనించలేదు. వదిన అరుపు విని నేను పరుగెత్తాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. పిల్లలతో వెళ్లే ముందు ఈ ఒక్క మాట వాళ్లకు ఇంట్లోనే నేర్పండి: నీటిలో కొట్టుకుపోయిన వస్తువు ఇక మనది కాదు, దాని వెనక వెళ్లకూడదు.

పడవ ఎక్కాలనుకుంటే గాలి ఒడ్డు వైపు వీచేటప్పుడు, ఒడ్డుకు సమాంతరంగా, నడుము లోతు దాటకుండా తిరగండి. పొడవాటి తాడు కట్టి ఒకరు ఒడ్డున పట్టుకుంటే ఇంకా మంచిది. లైఫ్ జాకెట్ నలుగురికీ ఉండాలి, పెద్దలకు కూడా. ఒంటికి తొడిగి, కట్టుకుని ఉండాలి, పడవలో పక్కన పెట్టుకుంటే అది ఎందుకూ పనికిరాదు. పిల్లల జాకెట్ వాళ్ల బరువుకు తగ్గది కొనండి. తొడిగి, కట్లన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవులు దాటి పైకి వచ్చేస్తే అది పెద్దదైనట్టు. చేతులకు తొడిగే గాలి బుడగలు, నడుముకు వేసే చక్రాలు ఆటబొమ్మలు, ప్రాణరక్షణకు కావు.

నీటి చల్లదనం గురించి కూడా తెలిసి ఉండాలి. గాలితో పోలిస్తే నీరు ఒంట్లోని వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఎండ వెచ్చగా ఉన్నా, ముఖ్యంగా చలికాలం వెళ్లిన కొత్తలో, సరస్సు ఇంకా చల్లగానే ఉంటుంది. 15 డిగ్రీల కంటే చల్లటి నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి మన చేతిలో ఉండదు, గట్టిగా ఎగపీల్చేస్తాం, ఆ సమయంలో తల నీటిలో ఉంటే అంతే. గుర్తు పెట్టుకోవడానికి ఒకటి, పది, ఒకటి అని ఒక లెక్క ఉంది: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు మాట వినే సమయం పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. ఇది బాగా చల్లటి నీటికి వర్తించే లెక్క. వేసవిలో కూడా సరస్సు పైపొర మాత్రమే వెచ్చగా ఉంటుంది, కింద చల్లటి పొర వేరుగా ఉంటుంది. రాత్రంతా గాలి ఒడ్డు నుంచి బలంగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు లోపలికి వెళ్లి, దాని చోటులోకి అడుగునున్న చల్లటి నీరు వస్తుంది. నిన్న మధ్యాహ్నం హాయిగా ఉన్న చోటే ఈ రోజు పొద్దున్న వణికించవచ్చు. రోజూ ముందు పెద్దవాళ్లు దిగి చూడండి.

ఈతకు పిల్లలు దిగినంతసేపూ ఒకరి కళ్లు వాళ్ల మీదే ఉండాలి. "ఇద్దరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. పావుగంట మీరు, పావుగంట మీ వారు అని వంతులు పెట్టుకోండి. వంతులో ఉన్నవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు, ఆరేళ్ల అబ్బాయి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. నీటిలో మునిగిపోయే మనిషి కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని మనం అనుకుంటాం. నిజానికి ఆ సమయంలో ఊపిరి కోసమే శక్తి చాలదు, కేక రాదు. చేతులు పైకి లేవవు, నీటిని కిందికి నొక్కుతాయి. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టం దగ్గర పైకీ కిందికీ అవుతుంది, చూసేవాళ్లకు నీళ్లలో నిటారుగా నిలబడినట్టే ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ గోల చేస్తారు. గోల ఆగితే వెంటనే చూడండి.

నీటి రంగు కూడా చూడాలి. మీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు, లేదా నీలి ఆకుపచ్చ మీగడ తేలినట్టు కనిపిస్తే అందులో ఎవరూ దిగవద్దు. అది సయనోబ్యాక్టీరియా, అంటే నాచులా కనిపించే ఒక రకం బ్యాక్టీరియా కావచ్చు. చేతికి పోగుల్లా అందే మామూలు నాచు వేరు, ఇది వేరు. వేళ్ల మధ్య నుంచి రంగులా జారిపోతుంది. అందులోని కొన్ని రకాలు కాలేయానికీ నరాలకూ హాని చేసే విషాలు వదులుతాయి, మరగబెట్టినా అవి పోవు. కుక్కను తీసుకెళ్తుంటే మరీ జాగ్రత్త, ఒళ్లు నాకినా చాలు ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద వాన కురిసిన మర్నాడు కూడా ఈత మానేయడం మంచిది, చుట్టుపక్కల మురికంతా అందులోకే కొట్టుకొస్తుంది.

తాగే నీరు మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు, వంటకూ గిన్నెలకూ అదనం. పార్కులో కుళాయి ఉందా, అది మీరు వెళ్లే నెలలో పని చేస్తుందా అని ముందే ఫోను చేసి అడగండి. సరస్సు నీరే వాడాల్సి వస్తే గలగలా మరిగాక ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు ఉంచండి. చేతిలో పట్టే ఫిల్టర్లు బ్యాక్టీరియాను ఆపుతాయి. వాటిలో చాలావరకు వైరస్‌లను ఆపలేవు.

వంట విషయంలో నా సలహా కటువుగా ఉండవచ్చు: మొదటి రాత్రి మంట మీద వండకండి. ఇంట్లో వండి తెచ్చుకున్నది చిన్న గ్యాస్ పొయ్యి మీద వేడి చేసుకుని తినండి. అలసిన పిల్లలు, తడి కట్టెలు, ముసురుకుంటున్న చీకటి ఒక్కచోట చేరితే ఎంత ఓర్పున్నవాళ్లయినా చిరాకు పడతారు. మంట రెండో సాయంత్రానికి ఉంచండి, అప్పుడు దాన్ని ఆస్వాదిస్తారు. ఆ రోజుల్లో మంటలకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లవద్దు, చెట్లను తొలిచే పురుగులు అలాగే ఒక అడవి నుంచి ఇంకో అడవికి చేరతాయి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. చెయ్యి వెనకవైపు దగ్గర పెట్టి చూస్తే వేడి తగలకూడదు. గ్యాస్ డబ్బా కొనేటప్పుడు చల్లటి చోటికైతే ఉత్త బ్యూటేన్ వద్దు, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కాదు, పొయ్యి వెలగదు. ప్రొపేన్ కలిపినది తీసుకోండి.

ఐస్ బాక్సులో ముక్కల ఐసు కంటే పెద్ద గడ్డ ఎక్కువసేపు నిలుస్తుంది. తాగే నీళ్ల సీసాలనే ముందురోజు గడ్డకట్టించి పేర్చండి. కరిగిన కొద్దీ తాగవచ్చు, పెట్టెలో తడి ఉండదు. పాలు, మాంసం, గుడ్లు 4 డిగ్రీలకు లోపలే ఉండాలి, బయట రెండు గంటలు దాటితే పారేయండి. రాత్రి తిండి ఏదీ టెంటులో ఉండకూడదు. పిల్లల జేబులో మిగిలిన బిస్కెట్టు ముక్క, పళ్లపొడి, సువాసన సబ్బు కూడా లెక్కలోకి వస్తాయి. అన్నిటినీ కారులో గానీ, పార్కు వాళ్లు ఇచ్చే ఇనుప పెట్టెలో గానీ పెట్టి తాళం వేయండి.

వానకు భయపడాల్సిన పని లేదు, పిడుగుకు భయపడాలి. మెరుపు కనిపించాక లెక్కపెట్టండి. ఉరుము మూడు సెకన్లకు ఒక కిలోమీటరు నడుస్తుంది. ముప్పై లోపే వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉంది, నీటిలో ఉన్నవాళ్లంతా వెంటనే బయటికి రావాలి, గట్టును వదిలేయాలి. టెంటు పిడుగు నుంచి కాపాడదు. కారులో కూర్చుని అద్దాలు ఎత్తండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా దిగవద్దు. ఇది అర్ధరాత్రి జరిగినా ఇంతే. కారు టెంటుకు ఎంత దూరంలో ఉంది, పిల్లలను ఎవరు ఎవరిని ఎత్తుకుంటారు అన్నది పడుకునే ముందే అనుకోండి.

దోమలు మునిమాపు వేళ మొదలవుతాయి. చీకటి పడేలోపు అందరికీ పొడుగు చేతుల లేత రంగు బట్టలు వేయండి. 20 నుంచి 30 శాతం డీట్ గానీ, 20 శాతం పికారిడిన్ గానీ ఉన్న మందు రాయండి. పిల్లల అరచేతులకు రాయకండి, కళ్లు నలుపుకుంటారు. డీట్ ప్లాస్టిక్‌నూ కొన్ని కృత్రిమ దారాల బట్టలనూ పాడు చేస్తుంది, ఆ చేతులతో టెంటు ముట్టుకోవద్దు. సబ్బు ఏ రకమైనా, మట్టిలో కలిసిపోతుందని రాసి ఉన్నా, సరస్సులో కడగకూడదు. బకెట్‌తో నీళ్లు తెచ్చుకుని గట్టుకు 60 మీటర్ల దూరంలో గిన్నెలు కడిగి అక్కడే పారబోయండి. మరుగుదొడ్డి లేని చోటైతే అదే దూరంలో జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చండి.

మీరు రాసిన రెండో రోజు పట్టికలో సగం కొట్టేయండి. పిల్లలకు రోజుకు ఒక పెద్ద పని చాలు, మిగతా సమయం రాళ్లు ఏరుకోవడానికి, పక్షులను చూడటానికి వదిలేయండి. అమ్మాయికి నీళ్ల సీసాల బాధ్యత, అబ్బాయికి లైట్ల బాధ్యత అప్పగించండి. ఇద్దరికీ ఎవరిది వాళ్లకు తలకు కట్టుకునే లైటు ఇవ్వండి. చీకటి భయం సగం దానితోనే పోతుంది. పున్నమికి దగ్గరలో వెళ్తే పొద్దు గుంకే వేళకే చంద్రుడు లేస్తాడు, పిల్లలకు ధైర్యంగా ఉంటుంది. నక్షత్రాలు చూడాలంటే అమావాస్య దగ్గర వెళ్లాలి, లైట్లన్నీ ఆర్పి ఇరవై ముప్పై నిమిషాలు కళ్లకు సమయం ఇవ్వాలి. మొదటిసారికి నేనైతే పున్నమినే ఎంచుకుంటాను. రాత్రి గొంతు తగ్గించి మాట్లాడండి. నీటి మీద చల్లగాలి పొర, పైన వెచ్చగాలి పొర ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి, అవతలి ఒడ్డు దాకా చేరుతుంది. మీరు గుసగుసగా అనుకున్నది అక్కడివాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది.

బయలుదేరడానికి వారం ముందు ఒక సాయంత్రం ఇంటి దగ్గరే, డాబా మీదో ఖాళీ స్థలంలోనో, టెంటు వేసి అందరూ అందులో పడుకోండి. ఇది మాత్రం దయచేసి మానవద్దు. గూటం తక్కువైనా, జిప్పు పట్టేసినా, మ్యాటు గాలి వదులుతున్నా అప్పుడే తెలియాలి. పిల్లలకు ఆ గుడ్డ గోడల లోపల నిద్ర ఒకసారి అలవాటైపోతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నో నంబరు చోటో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వండి. అక్కడ సిగ్నల్ లేకపోవచ్చు కాబట్టి పటాన్ని ఫోనులో ముందే దింపుకోండి, దగ్గరి ఆసుపత్రికి దారి చూసుకోండి. పిల్లల జ్వరం మందు, రోజూ వాడే మందులు కారులో కాకుండా మీతో టెంటులోనే ఉండాలి.

తిరిగి వచ్చే రోజు పొద్దున్న తొందరపడకండి. ఎండ టెంటును తాకి మంచు ఆరేదాకా పిల్లలతో మెల్లగా టిఫిన్ చేయండి. తడిగానే మడవాల్సి వస్తే ఇంటికి చేరిన రోజే విప్పి ఆరేయండి; రెండు రోజులు అలాగే వదిలేస్తే బూజు పట్టడం మొదలవుతుంది, ఆ వాసన మళ్లీ పోదు. పడవను కూడా అక్కడే బోర్లించి నీళ్లు పూర్తిగా ఒంపేసి, తుడిచి, అంటుకున్న నాచు ముక్కలు తీసేయండి. ఒక సరస్సులోని మొక్కలు, నత్తలు ఇంకో సరస్సుకు చేరేది ఎక్కువగా ఆ తడి అడుగుభాగాన్ని పట్టుకునే.

పార్కు పటం చూసి మీకు కేటాయించిన చోటు గట్టుకు ఎంత దూరంలో ఉందో, మెరకా పల్లమా అన్నది, మీరు వెళ్లే నెల ఏదో రాస్తే, మ్యాట్లు, స్లీపింగ్ బ్యాగుల విషయంలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.